ఐస్ క్రీమ్ కప్పుకి 132 గ్రాములా, 214 గ్రాములా?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. రెసిపీలో "రెండు కప్పుల వెనీలా ఐస్ క్రీమ్" అని ఉంది, కాటా మీద ఎన్ని గ్రాములు తూచాలి అన్నది ఒకటి. వెతికితే ఒకచోట కప్పుకి 132 గ్రాములు, ఇంకోచోట 214, ఫోన్‌లోని కన్వర్టర్‌లో 240 కనిపించాయని, ఏది నమ్మాలో తెలియడం లేదని రాశారు. ఇంట్లో మెషిన్‌లో చేసేటప్పుడు లీటరు డబ్బా నిండాలంటే ఎంత మిశ్రమం కలుపుకోవాలి అన్నది రెండోది. నేను చాలా ఏళ్లు ఐస్ క్రీమ్ తయారీ సెక్షన్‌లో పనిచేశాను. అక్కడ ఈ లెక్క రోజూ చేసేదే, అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ 240 సంగతి తేల్చేద్దాం. అది నీళ్ల బరువు. అమెరికన్ కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. దాన్ని 240కి సర్దేసి, మిల్లీలీటరుకి ఒక గ్రాము అనుకుని ఇచ్చిన అంకె అది. పాల విషయంలో అయితే ఆ తేడా చిన్నదే, సర్దుకుపోతుంది. ఐస్ క్రీమ్ దగ్గరికొచ్చేసరికి దాదాపు రెట్టింపు తేడా రావచ్చు. ఆ కన్వర్టర్ని ఈ పనికి మాత్రం వాడకండి.

మిగతా రెండు అంకెలూ సరైనవే. రెండూ అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టికల్లోంచి వచ్చినవి. వాటిలో మామూలు వెనీలా అర కప్పు 66 గ్రాములు, 'రిచ్' రకం వెనీలా అర కప్పు 107 గ్రాములు. రెట్టింపు చేస్తే మీకు దొరికిన 132, 214 వస్తాయి. అంటే అదే కప్పులో, అదే వెనీలాకి, 82 గ్రాముల తేడా. రిచ్ రకంలో వెన్న, అంటే పాల కొవ్వు, ఎక్కువ కాబట్టి బరువెక్కువ అని చాలామంది అనుకుంటారు. కానీ వెన్న నీళ్ల మీద తేలుతుంది కదా! వెన్న పెరిగితే బరువు తగ్గాలి గానీ పెరగకూడదు. ఆ 82 గ్రాముల తేడా దాదాపు అంతా గాలి వల్ల వచ్చిందే.

ఐస్ క్రీమ్ అంటే గడ్డకట్టిన నురగ. పాలు, క్రీమ్, పంచదార కలిపి వేడిచేసి చల్లార్చిన ద్రవాన్ని మేం మిక్స్ అంటాం. ఆ మిక్స్‌ని ఫ్రీజర్ బ్యారెల్‌లో గిలక్కొడుతూ గడ్డకట్టిస్తారు. ఆ గిలక్కొట్టడంలోనే గాలి చేరుతుంది. పెద్ద మెషిన్లలో గాలిని పంపుతో కొలిచి మరీ ఎక్కిస్తారు. ఇలా పెరిగిన పరిమాణానికి ఓవర్‌రన్ అని పేరు. లీటరు మిక్స్ రెండు లీటర్ల ఐస్ క్రీమ్ అయితే ఓవర్‌రన్ 100 శాతం, లీటరున్నర అయితే 50 శాతం. గాలి లేకపోతే అది స్పూన్ దిగని ఐస్ గడ్డలా తయారవుతుంది, కాబట్టి గాలి ఉండడం మోసమేమీ కాదు. ఎంత ఉంది అన్నదే అసలు ప్రశ్న.

లీటరు మిక్స్ బరువు మాత్రం పెద్దగా మారదు. అదే ఈ లెక్కలో మనకి కలిసొచ్చే విషయం. కావాలంటే మీ రెసిపీ మిక్స్ సాంద్రత మీరే కట్టుకోవచ్చు. నూరు గ్రాముల మిక్స్‌లో వెన్న ఎన్ని గ్రాములుందో దాన్ని 1.075తో హెచ్చించండి. పంచదార, పాల ఘనపదార్థాలు లాంటి వెన్న కాని ఘనపదార్థం మొత్తాన్ని 0.633తో హెచ్చించండి. నీళ్లని అలాగే ఉంచండి. మూడూ కలిపితే ఆ నూరు గ్రాములు ఎన్ని మిల్లీలీటర్లో తెలుస్తుంది. ఉదాహరణకి వెన్న 14, పంచదార 16, పాల ఘనపదార్థాలు 10, నీళ్లు 60 అనుకుందాం. వెన్నకి 15.05, పంచదారకీ పాల ఘనపదార్థాలకీ కలిపి 16.46, నీళ్లకి 60. మొత్తం 91.5 మిల్లీలీటర్లు. అంటే లీటరు మిక్స్ బరువు సుమారు 1093 గ్రాములు. నిష్పత్తులు కాస్త అటూ ఇటూ మార్చినా 1080కీ 1120కీ మధ్యే ఉంటుంది. ఇంటి లెక్కకి 1090 అనుకుంటే చాలు.

ఇక మిగిలింది భాగహారం. లీటరు మిక్స్ ఎన్ని లీటర్ల ఐస్ క్రీమ్ అవుతుందో దానితో 1090ని భాగించాలి. 100 శాతం ఓవర్‌రన్ అయితే లీటరు ఐస్ క్రీమ్ 545 గ్రాములు. 50 శాతమైతే 727. 25 శాతమైతే 872. ఇదే లెక్కని తిప్పి చూస్తే మీ రెండు అంకెల గుట్టూ తెలుస్తుంది. 132 గ్రాముల కప్పులో ఓవర్‌రన్ 95 శాతం దాటి ఉంది, 214 గ్రాముల కప్పులో సుమారు 20 శాతమే ఉంది. మొదటిది మామూలు డబ్బా ఐస్ క్రీమ్, రెండోది ఖరీదైన చిక్కటి రకం.

తేలిక వైపు దీనికి ఒక హద్దు కూడా ఉంది, ఎందుకంటే చాలాచోట్ల చట్టం అడ్డుపడుతుంది. అమెరికా నిబంధన ప్రకారం ఐస్ క్రీమ్ గ్యాలన్‌కి 4.5 పౌండ్లకి తగ్గకూడదు, అంటే లీటరుకి సుమారు 539 గ్రాములు. భారతదేశపు నిబంధనలో అది లీటరుకి 525 గ్రాములు. గ్యాలన్ మిక్స్ సుమారు 9 పౌండ్లుంటుంది కాబట్టి 4.5 అంటే సరిగ్గా సగం. మరోలా చెప్పాలంటే ఓవర్‌రన్ 100 శాతం దగ్గర గీత గీశారు. బరువైన వైపు చూస్తే, అమ్మే ఐస్ క్రీమ్ లీటరుకి 950 గ్రాములు దాటడం అరుదు. కాబట్టి అమెరికన్ కప్పు ఐస్ క్రీమ్ ఏదైనా సుమారు 124 గ్రాములకీ 225 గ్రాములకీ మధ్య ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ అన్నది ఏ వెబ్‌సైటూ మీకు చెప్పలేదు, మీ చేతిలో ఉన్న డబ్బాయే చెప్పాలి.

చాలాసార్లు అది చెబుతుంది కూడా. లేబుల్ మీద మిల్లీలీటర్లు, గ్రాములు రెండూ ఉన్నాయేమో చూడండి. పెద్దక్షరాల్లో లేకపోయినా పోషక విలువల పట్టిక దగ్గర "ఒక సర్వింగ్ ఇన్ని మి.లీ., ఇన్ని గ్రా." అని ఉండొచ్చు. గ్రాముల్ని మిల్లీలీటర్లతో భాగించండి. 700 మి.లీ. డబ్బా 385 గ్రాములుంటే సాంద్రత 0.55. మీ రెసిపీలోని రెండు కప్పులు 474 మి.లీ., దాన్ని 0.55తో హెచ్చిస్తే 261 గ్రాములు. అదే 500 మి.లీ. డబ్బా 450 గ్రాములుంటే సాంద్రత 0.9, రెండు కప్పులు 427 గ్రాములు.

లేబుల్ మీద మిల్లీలీటర్లు మాత్రమే ఉంటే మూత తెరవకముందే డబ్బాని తూచండి. అయిపోయాక ఖాళీ డబ్బా, మూత కలిపి తూచి తీసేయండి. అంతదాకా ఆగలేకపోతే అలాంటిదే ఇంకో ఖాళీ డబ్బాని తూచినా చాలు, పెద్ద తేడా రాదు.

డబ్బా మీద ఏమీ లేకపోతే, లేదా విడిగా కొన్న ఐస్ క్రీమ్ అయితే, తూచి తెలుసుకోవడమే మార్గం. ప్లాంట్‌లో మేం చేసేదీ ఇదే. తెలిసిన పరిమాణమున్న ఒక గిన్నెని మిక్స్‌తో నింపి తూస్తాం, అదే గిన్నెని గడ్డకట్టించే మెషిన్ నోటి దగ్గర ఐస్ క్రీమ్‌తో నింపి తూస్తాం. రెండు బరువుల తేడాని ఐస్ క్రీమ్ బరువుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ఓవర్‌రన్ శాతం వస్తుంది. ఇంట్లో మీకు శాతం అక్కర్లేదు, సాంద్రత చాలు. ఒక చిన్న స్టీలు గిన్నె తీసుకుని కాటా మీద పెట్టి సున్నా చేయండి. అంచు దాకా చల్లటి నీళ్లు పోసి తూచండి. ఎన్ని గ్రాములో గిన్నె అన్ని మిల్లీలీటర్లు. నీళ్లు పారబోసి, తుడిచి, గిన్నెని ఫ్రీజర్‌లో చల్లబరచండి. ఐస్ క్రీమ్ కొద్దిగా మెత్తబడ్డాక ఖాళీలు మిగలకుండా గిన్నెలో నింపి, కత్తి వెన్నుతో అంచు చదును చేసి తూచండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఖాళీలు లేకుండా నింపమన్నాను గానీ అదిమి కుక్కమనలేదు. ఐస్ క్రీమ్‌ని గట్టిగా అదిమితే బుడగలు చితికి గాలి బయటికి పోతుంది, సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మరీ కరిగితే ఇంకా ఎక్కువ. అలాగని రాయిలా గట్టిగా ఉన్నప్పుడు నింపితే మూలల్లో ఖాళీలుండిపోయి తక్కువ చూపిస్తుంది. మామూలుగా స్కూప్ తేలిగ్గా దిగే మెత్తదనం, అంటే మైనస్ 12, 14 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం, ఈ పనికి సరిపోతుంది.

స్కూపుల దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది. అమెరికన్ స్కూపుల మీద ఉండే నంబరు ఒక క్వార్ట్‌కి ఎన్ని స్కూపులొస్తాయో చెబుతుంది. క్వార్ట్ 946 మి.లీ. కాబట్టి 16 నంబరు స్కూప్ 59 మి.లీ., 12 నంబరు 79 మి.లీ., 8 నంబరు 118 మి.లీ. నంబరు పెరిగేకొద్దీ స్కూప్ చిన్నదవుతుంది. 12 నంబరు స్కూప్‌ని 0.55తో హెచ్చిస్తే కాగితం మీద 43 గ్రాములు. నిజంగా తీసి తూస్తే ఎప్పుడూ అంతకంటే ఎక్కువే వస్తుంది. స్కూప్ లాగుతుంటే ఐస్ క్రీమ్ నలిగి కొంత గాలి పోతుంది, పైన గుండ్రంగా కొంత పొంగి ఉంటుంది. 5 లీటర్ల టబ్‌లో 79 మి.లీ. చొప్పున 63 స్కూపులొస్తాయని లెక్కేసుకుని ఫంక్షన్‌కి ప్లేట్లు పేర్చుకుంటే టెన్షన్ తప్పదు. ఆ టబ్ 2750 గ్రాములుండి, మీ చేతి స్కూప్ 55 గ్రాములు తూగితే వచ్చేది 50 మాత్రమే. అందుకే టబ్ నుంచి ఎన్ని స్కూపులు అనే లెక్క ఎప్పుడూ బరువుతోనే వేయాలి. నాలుగైదు స్కూపులు తీసి సగటు కట్టండి, టబ్ బరువుని దానితో భాగించండి. జీడిపప్పు, బిస్కెట్ ముక్కలు ఉన్న రకమైతే ఇంకొన్ని ఎక్కువ తీసి సగటు చూడండి. ముక్కల్లో గాలి ఎక్కించింది ఉండదు కదా, ఎక్కువ ముక్కలు పడ్డ స్కూప్ బరువుగా ఉంటుంది.

ఔన్సుల గురించి ఒక్క మాట. ఫ్లూయిడ్ ఔన్స్ పరిమాణం, 29.6 మి.లీ.; మామూలు ఔన్స్ బరువు, 28.35 గ్రాములు. అమెరికన్ పైంట్ అంటే 16 ఫ్లూయిడ్ ఔన్సులు, 473 మి.లీ. అది చూసి 16 ఔన్సుల బరువు, 454 గ్రాములు అనుకుంటారు. 0.55 సాంద్రత రకం పైంట్ 260 గ్రాములే. పైగా బ్రిటిష్ పైంట్ 568 మి.లీ. కప్పు కూడా అంతే: అమెరికాలో 237, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200 మి.లీ. రెసిపీ ఎక్కడిదో ముందు చూసుకోండి.

ఇప్పుడు మీ రెండు కప్పుల దగ్గరికొద్దాం. మీరు రెసిపీ దేనికో చెప్పలేదు. జవాబు దాన్ని బట్టి మారుతుంది.

మిల్క్‌షేక్ అయితే ఎక్కువ తల బద్దలు కొట్టుకోకండి. కప్పులో గుండ్రటి స్కూపులు వేస్తే మధ్యలో ఖాళీలు ఎలాగూ ఉంటాయి, రెసిపీ రాసినవాళ్లు కూడా అలాగే వేసి ఉంటారు. మామూలు రకమైతే కప్పుకి 130 గ్రాముల దగ్గర మొదలుపెట్టండి. చిక్కటి రకమైతే 160 వేసి చూడండి, షేక్ పలచగా అనిపిస్తే పెంచుకోండి. 214 గ్రాములూ ఒకేసారి వేస్తే స్ట్రా నిలబడిపోయేంత చిక్కగా రావచ్చు.

ఐస్ క్రీమ్‌ని కరిగించి పిండిలో కలిపే బ్రెడ్, కేక్ రెసిపీలైతే మాత్రం ఇది చాలా ముఖ్యం. గడ్డకట్టిన ఐస్ క్రీమ్ రెండు కప్పులు తీసి కరిగిస్తే 132 లెక్కన 264 గ్రాముల ద్రవం వస్తుంది. కరిగించాక రెండు కప్పులు కొలిస్తే గాలి పోయి 500 గ్రాములు దాటుతుంది. ఒకే రెసిపీకి ఇంత తేడా వస్తే ఒకసారి పిండి ముద్దలా, ఇంకోసారి దోసెల పిండిలా ఉంటుంది. "రెండు కప్పుల ఐస్ క్రీమ్, కరిగించినది" అని ఉంటే కరగకముందు కొలిచారనీ, "కరిగించిన ఐస్ క్రీమ్ రెండు కప్పులు" అని ఉంటే కరిగాక కొలిచారనీ నేను అర్థం చేసుకుంటాను, కానీ రాసేవాళ్లందరూ అంత జాగ్రత్తగా రాయరు. పిండి కొలత చూసి ఏది పొసుగుతుందో నిర్ణయించుకోండి. కరిగించి కొలిచేటట్టయితే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి. ఐస్ క్రీమ్‌లో వాడే స్టెబిలైజర్లు నురగని పట్టి ఉంచుతాయి, అప్పుడే కరిగినదాంట్లో ఇంకా బోలెడు గాలి ఉంటుంది.

ఐస్ క్రీమ్ కేక్ అయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ టిన్ నిండడం ముఖ్యం, గ్రాములు కాదు. టిన్‌లో ఎన్ని మిల్లీలీటర్ల పొర కావాలో నీళ్లతో కొలిచి అంత డబ్బా కొనండి. మెత్తబరిచి పరుస్తుంటే గాలి కొంత పోయి పొర కుంగుతుంది కాబట్టి నేనైతే పదిహేను శాతం అదనంగా పెట్టుకుంటాను. ఓవర్‌రన్ ఎక్కువున్న రకం ఇంకా ఎక్కువ కుంగుతుంది.

కేలరీలు లెక్కపెట్టేవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి. అవే పట్టికల్లో మామూలు వెనీలా 100 గ్రాములకి 207 కేలరీలు, రిచ్ రకం 249. ఇరవై శాతమే తేడా, పర్వాలేదు అనిపిస్తుంది. కానీ మనం తినేది కప్పుతో, స్కూప్‌తో. 100 మిల్లీలీటర్లకి చూస్తే మొదటిది 115, రెండోది 225. దాదాపు రెట్టింపు! కొన్ని లేబుళ్ల మీద 100 మి.లీ.కి, కొన్నిటి మీద 100 గ్రాములకి ఇస్తారు. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి పోల్చేముందు రెండిటి మీదా ఏ కొలత ఉందో చూడండి. ధర పోల్చేటప్పుడూ అంతే. లీటరు ధర తక్కువగా ఉన్న డబ్బా కిలో ధర దగ్గర ఖరీదైనది కావచ్చు.

పాలు లేకుండా పండ్ల రసం, పంచదారతో చేసే సార్బెట్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. దాంట్లో పంచదార వంతు ఎక్కువ కాబట్టి మిక్సే లీటరుకి 1120, 1130 గ్రాముల దాకా ఉంటుంది. దాంట్లో చేరే గాలి కూడా తక్కువే. ఇటలీ తరహా ఐస్ క్రీమ్ జెలాటోలోనూ గాలి తక్కువే, ఓవర్‌రన్, 20 నుంచి 40 శాతం, అంటే లీటరుకి సుమారు 780 నుంచి 900 గ్రాములు.

ఎత్తైన కొండ ప్రాంతాలకి వెళ్లిన డబ్బాల్లో లోపలి గాలి వ్యాకోచించి మూతలు ఉబ్బడం ఈ రంగంలో అందరికీ తెలిసిన తలనొప్పి. అలాగే ఇంట్లో పదేపదే మెత్తబడి గడ్డకట్టిన డబ్బాలో ఐస్ క్రీమ్ గోడలనుంచి విడిపోయి కుంచించుకుపోతుంది. రెండిట్లోనూ లోపలి బరువు మారదు, పరిమాణమే మారుతుంది. అలాంటి డబ్బాకి లేబుల్ సాంద్రత పనిచేయదు, గ్రాముల్నే నమ్మండి.

మీ రెండో ప్రశ్న, ఇంటి మెషిన్. ఇంటి మెషిన్ల తెడ్డు నెమ్మదిగా తిరుగుతుంది, గాలిని ఎక్కించే పంపు ఉండదు. ఓవర్‌రన్ ఇరవై, ముప్పై శాతం దాటడం అరుదు. 25 అనుకుంటే లీటరు డబ్బాకి 872 గ్రాముల ఐస్ క్రీమ్ కావాలి. గిన్నె గోడలకీ తెడ్డుకీ అంటుకుని కొంత పోతుంది కాబట్టి 920 గ్రాముల మిక్స్ కలుపుకోండి. పరిమాణంలో చూస్తే అది సుమారు 845 మి.లీ. మెషిన్ గిన్నెలో మూడింట రెండు వంతులకి మించి పోయకండి, పెరగడానికి చోటుండాలి. డబ్బాని కూడా అంచు దాకా నింపకండి. మెషిన్‌లోంచి తీసేటప్పటికి నీళ్లన్నీ గడ్డకట్టి ఉండవు. మిగతావి ఫ్రీజర్‌లో గడ్డకట్టేటప్పుడు కొద్దిగా వ్యాకోచిస్తాయి, నిండా నింపితే మూత లేస్తుంది.

మెషిన్ లేకుండా, కొట్టిన క్రీమ్‌లో కండెన్స్‌డ్ మిల్క్ కలిపి గడ్డకట్టించే పద్ధతికి ఈ 25 శాతం వర్తించదు. అక్కడ గాలంతా క్రీమ్ కొట్టడంలోనే వస్తుంది, బాగా కొడితే క్రీమ్ దాదాపు రెట్టింపవుతుంది. ఎంత కొట్టారు, కలిపేటప్పుడు ఎంత నలిపారు అన్నదాన్ని బట్టి ప్రతిసారీ వేరుగా వస్తుంది. దానికి ముందుగా అంకె చెప్పడం కుదరదు. కలిపిన వెంటనే ఆ స్టీలు గిన్నెతో ఒకసారి తూచి చూసుకోండి, డబ్బాలోకి ఎంత పడుతుందో అక్కడే తెలిసిపోతుంది.